ఆచార్య హైమన్‌డార్ఫ్ : ఒక ఇంటిపేరు, ఒక జీవితం

మన ఏజెన్సీ ప్రాంతంలో కొత్తవారు ఎదురైనప్పుడు పెద్దలు మొదట అడిగేది ఇంటిపేరు. ఊరు, చదువు, ఉద్యోగం ఆ తరువాతి మాట. ములకలపల్లి చుట్టుపట్ల కోయ గూడేలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రయోజనం ఉన్నది. ఇంటిపేరు చెబితే గట్టు తెలుస్తుంది. గట్టు తెలిస్తే ఎదుటివాడు అన్నదమ్ముల వరుసవాడో, పిల్లనిచ్చి పుచ్చుకొనదగిన వరుసవాడో తేలిపోతుంది. అప్పుడే ఏ పిలుపుతో పలకరించాలో నిర్ణయమవుతుంది. కనుక ఇంటిపేరును అలంకారంగా భావించరాదు. అది మనిషికి సంఘంలో చోటు చూపే గుర్తు.

ఈ గుర్తులను ఓపికతో సేకరించి, గ్రంథస్థం చేసి, మన అడవుల ప్రజలను ప్రపంచ విద్వాంసులకు పరిచయం చేసిన మహనీయుని ఇంటిపేరు మాత్రం మన నాలుకకు ఎంతమాత్రం అలవాటు లేనిది. ఆయన పూర్తి పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఆదిలాబాదు గోండులు, అమ్రాబాదు చెంచులు, గోదావరి తీరపు కొండరెడ్లు ఆయన జీవితంలో ప్రధాన భాగమయ్యారు. ఆయన చరిత్రను ఈ సంచికలో విద్యార్థినీ విద్యార్థుల ముందుంచదలచాము. పేరుతోనే ప్రారంభించడం ఉచితమని మా అభిప్రాయం.

పేరు వెనుక ఊరు

జర్మను భాషలో డార్ఫ్ అంటే ఊరు, పల్లె. హైమన్‌డార్ఫ్ అనేది జర్మనీ దేశపు బవేరియా రాష్ట్రంలో న్యూరెంబర్గ్ నగరానికి చేరువలోని ఒక చిన్న గ్రామం. అక్కడ ఒక కోట ఉన్నది. ఆ గ్రామానికి ప్రభువులైన ఫ్యూరర్ వంశీయులు న్యూరెంబర్గ్ నగర పాలనలో పాల్గొన్న సంపన్న కుటుంబాలలో ఒకరు. వారు తమ వంశనామానికి గ్రామనామాన్ని జోడించి, హైమన్‌డార్ఫ్‌కు చెందిన ఫ్యూరర్‌లమని చెప్పుకున్నారు. ఆ వంశంలోనే క్రిస్టాఫ్ అనే పేరు గల ఒకాయన 16వ శతాబ్దంలో ఈజిప్టు, సీనాయి, జెరూసలేం యాత్ర చేసి ఆ వృత్తాంతాన్ని లాటిన్ భాషలో విడిచిపోయాడు. అదే పేరుగల మరొకరు (1663-1732) కవియై, న్యూరెంబర్గ్ కవిసమాజానికి అధ్యక్షత వహించాడు. దూరదేశ సంచారమూ, రచనా ఆ పేరుకు కొత్తవి కావన్నమాట.

పేరు నడుమ ఉన్న ఫాన్ అనే చిన్న మాటకు ఫలానా చోటి నుండి వచ్చిన అని అర్థం. జర్మను దేశాలలో అది క్రమంగా ప్రభువర్గానికి చిహ్నమైంది. డచ్చి భాషలో దీనికి సాటివచ్చేది వాన్ అనే మాట. అయితే డచ్చివారిలో దానికి ఆభిజాత్యంతో పనిలేదు. గట్టు పక్కన ఉన్నవాడు వాన్ డైక్ అయ్యాడు, కొండ దాపున ఉన్నవాడు వాన్ డెన్ బెర్గ్ అయ్యాడు. రైతూ, పడవవాడూ కూడా ఆ మాటను ధరించవచ్చు. నెపోలియన్ ఏలుబడిలో 1811లో వెలువడిన శాసనంతో హాలండులో ప్రతి కుటుంబమూ ఒక ఇంటిపేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. అంతకు ముందు తండ్రి పేరుతోనే సరిపెట్టుకున్నవారు ఎందరో అప్పుడు స్థిరమైన ఇంటిపేరు పొందారు.

ఆ దేశాలలో విస్తారంగా వ్యాపించిన పేర్లను పరిశీలిస్తే అవి మూడు నాలుగు మూలాల నుండి పుట్టినట్లు కనిపిస్తుంది. జర్మనీలో అన్నిటికన్న ఎక్కువగా వినిపించే ముల్లర్ అనే పేరు పిండిమర నడిపేవానిది. వేదాలను అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ పండితుని పేరు మనకు పరిచితమే. ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే జాలరి. డచ్చివారిలో ముల్డర్, స్మిట్ అనేవి ఇవే వృత్తులకు సంబంధించినవి. యాన్సెన్ వంటివి తండ్రి పేరు నుండి, డి వ్రీస్ వంటివి ప్రాంతం పేరు నుండి వచ్చాయి. వృత్తి, తండ్రి, ఊరు, రూపురేఖలు అనే ఈ మూలాలే ఐరోపాలో అధిక సంఖ్యాకుల పేర్లకు ఆధారం. ముల్లర్ వంటి పేరు ఊరూరా ఉండడానికి కారణం ఊరూరా పిండిమర ఉండడమే. ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అరుదు కావడానికి కారణం అది ఒకే గ్రామానికి, ఒకే వంశానికి కట్టుబడి ఉండడమే.

ఇది విని పరాయి దేశపు వింత అనుకొనరాదు. మన తెలుగులో కందుకూరు నుండి వచ్చినవారు కందుకూరి వారయ్యారు. ఊరు అనే మాట చివరి ఉకారం ఇకారమైతే చాలు, ఫాన్ చేసే పని జరిగిపోయింది. ఉర్దూలో ఊరి పేరు చివర చేరే ఈకారం కూడా ఇదే సేవ చేస్తుంది. ఢిల్లీ విడిచివచ్చి హైదరాబాదులో 1905లో కన్నుమూసిన మహాకవి దాగ్, మరణించేవరకు దెహ్లవీయే. ముస్లిం కుటుంబాలలో షేక్, సయ్యద్ వంటి పేర్లతోపాటు తెలుగు ఊళ్ల ఇంటిపేర్లు కూడా కలిసిపోయి ఉండడం మన ప్రాంతంలో కొత్త కాదు. జర్మను, తెలుగు, ఉర్దూ అనే మూడు భాషలు పరస్పర పరిచయం లేకుండానే మనిషిని అతని ఊరితో ముడివేశాయి. విడిచివచ్చిన ఊరే పేరుగా నిలుస్తుంది. ఉన్న ఊళ్లో ఉన్నవానికి ఆ పేరుతో పనేమున్నది?

డచ్చివారు 17వ శతాబ్దారంభంలోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మచిలీపట్నం, భీమునిపట్నం శ్మశానాలలో వారి సమాధి ఫలకాలపై అటువంటి పేర్లు చెక్కి ఉన్నాయి. తెలుగు నేల మీద అవి చాలావరకు రాతి మీదనే మిగిలిపోయాయి. హైమన్‌డార్ఫ్ పేరు మాత్రం మనుషుల నోట నిలిచింది. దానికి కారణం ఆయన జీవితమే.

వియన్నా నుండి నాగా కొండలకు

క్రిస్టాఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో కులీన కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంట హాబ్స్‌బర్గ్ సామ్రాజ్య పతనం సంభవించాయి. 1919 ఏప్రిల్‌లో ఆస్ట్రియా గణతంత్ర ప్రభుత్వం ప్రభువుల బిరుదులన్నిటినీ రద్దు చేసింది. ఫాన్ అనే మాటను కూడా చట్టం తుడిచివేసింది. జర్మనీలో మాత్రం దానిని ఇంటిపేరులో భాగంగా ఉంచుకొననిచ్చారు. పదేళ్లు నిండని బాలుని పేరులో ఒక ముక్క ఆ విధంగా చట్టవిరుద్ధమైంది. తరువాత ఆంగ్లంలో వెలువరించిన గ్రంథాలపై ఆయన దానిని విడువకుండా నిలుపుకున్నారు.

వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించారు. ఆగ్నేయాసియా సంస్కృతులలో నిష్ణాతులైన హైనె-గెల్డెర్న్ ఆయనకు గురువు. అస్సాము, బర్మా సరిహద్దు కొండజాతుల సాంఘిక వ్యవస్థపై సిద్ధాంతవ్యాసం సమర్పించి 1931లో డాక్టరేటు పొందారు. అప్పటికి ఆ కొండలను ఆయన చూడలేదు, గ్రంథాలయంలోని పుస్తకాలే ఆధారం. రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయంతో లండను చేరి, మాలినోవ్‌స్కీ నిర్వహించే గోష్ఠులలో పాల్గొన్నారు. ప్రజల మధ్య నివసించి, వారి భాష నేర్చుకొని పరిశోధించాలనే నియమం అక్కడ ఆయన మనస్సులో దృఢపడింది. 1936-37లో నాగా కొండలలో కొన్యాక్ నాగాల మధ్య నివసించి, 1939లో వెలువరించిన గ్రంథంతో కీర్తి గడించారు.

1938లో ఆంగ్ల వనిత ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడారు. బెట్టీ అని అందరూ పిలిచే ఆమె జీవిత భాగస్వామియే కాక, పరిశోధనలో కూడా సహచరి. అడవి బాటలలో, గుడారాలలో, జ్వరాలలో ఆయనతోపాటు నడిచింది. కొండరెడ్లపై గ్రంథానికి ఆమె సహకారం ముఖపత్రం మీదనే పేర్కొనబడింది.

శత్రుదేశీయుడు

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాడు. ఆస్ట్రియనులందరూ కాగితాల మీద జర్మనులయ్యారు. మరుసటి సంవత్సరం దంపతులు తిరిగి భారతదేశం వచ్చారు. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. చేతిలో జర్మను పాస్‌పోర్టు, మెడకు జర్మను ఇంటిపేరు ఉన్న మానవశాస్త్రజ్ఞుడు ఒక్కసారిగా బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశీయుడైనాడు.

ఇంటిపేరు మనిషిని ఎంత ఇరకాటంలో పెట్టగలదో ఆ కాలపు చరిత్ర చెబుతుంది. మొదటి యుద్ధ సమయంలో, 1917లో, ఇంగ్లండు రాజకుటుంబమే తన జర్మను పేరును వదులుకొని విండ్సర్ అయింది. ఆ బంధువర్గంలోని బాటెన్‌బర్గ్‌లు తమ పేరును ఆంగ్లంలోకి మార్చుకొని మౌంట్‌బాటెన్‌లయ్యారు. బర్గ్ అన్న కొండ మౌంట్ అన్న కొండగా మారింది. మన దేశానికి చివరి వైస్రాయిగా వచ్చిన వారి పేరు అట్లా అనువాదమైనదే. హైమన్‌డార్ఫ్ పేరు మార్చుకొనలేదు.

ఎందరో జర్మనులు, ఆస్ట్రియనులు ముళ్లకంచెల శిబిరాలలో యుద్ధకాలం గడపవలసి వచ్చింది. ఆయన విషయంలో నిర్బంధం విచిత్ర రూపం దాల్చింది. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ ఉన్నతాధికారి టాస్కర్ మొదలైనవారి చొరవతో, హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటకుండా ఆదివాసుల మధ్య పరిశోధన కొనసాగించడానికి అనుమతి లభించింది. ఆయన చెరసాల మన అడవులే అయ్యాయి. కృష్ణా తీరపు నల్లమల నుండి ప్రాణహిత వరకు విస్తరించిన ఆ చెరసాలలో ఆయన జీవిత కృషికి పునాది పడింది.

చెంచులు, కొండరెడ్లు, గోండులు

1940లో అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య పని ప్రారంభించారు. దుంపలు, పండ్లు, తేనె సేకరించి జీవించే వారి బ్రతుకును వర్ణించే గ్రంథం 1943లో వెలువడింది. చెంచులకు ప్రత్యేకమైన రిజర్వు ప్రాంతం కేటాయించడానికి ఆయన సిఫారసులు తోడ్పడ్డాయి.

1941లో మన వైపు వచ్చారు. అప్పుడు ఈ ప్రాంతమంతా వరంగల్ జిల్లాలో పాల్వంచ తాలూకా. ఖమ్మం జిల్లా 1953లోగాని ఏర్పడలేదు. గోదావరిని ఒరసి నిలిచిన పాపికొండలను ఆంగ్లేయులు బైసన్ కొండలన్నారు. ఆ కొండల నడుమ కాకిసనూరు, కోయిదా, కట్కూరు, పేరంటాలపల్లి వంటి గ్రామాలలో కొండరెడ్ల జీవితాన్ని ఆయన పరిశీలించారు. వాలు నేలలో చెట్లు నరికి, కాల్చి, కర్రతో గుంటలు పొడిచి గింజలు వేసే పోడు వ్యవసాయం, జీలుగు కల్లు దొరికే కాలంలో సాగే సంతోషాలు, మామిడి పండుగ, భూదేవి పండుగ అన్నీ ఆయన పుస్తకాలలోకి ఎక్కాయి. ఇంటిపేర్లను బట్టి వివాహ నియమాలు ఎట్లా నడుస్తాయో విచారించారు. ఈ పరిశోధన 1945లో గ్రంథమై వెలువడింది.

కాని ఆయన దృష్టి ఆచారాల దగ్గర ఆగిపోలేదు. వెదురు నరికి గోదావరి ఒడ్డుకు చేర్చేది కొండరెడ్డి. దానిని రాజమండ్రికి తరలించి లాభం గడించేది కాంట్రాక్టరు. కూలి సొమ్ము బదులు తిండిగింజలు, ఆ గింజల మీద అప్పు, అప్పు తీరక మళ్లీ వెదురు పని. ఈ వలయాన్ని ఆయన స్పష్టంగా చూశారు. కొండవాని పేరు షావుకారు అప్పు ఖాతాలో ఉన్నంత భద్రంగా సర్కారు పట్టా దస్తరంలో ఉండేది కాదు. పోడు చేసే నేలకు పట్టా లేదు, అడవి శాఖవారి దయ మీదనే బ్రతుకు. చెంచులు, కొండరెడ్లు, కోయలు, గోండుల దుస్థితిని గూర్చి ఆయన సమర్పించిన నివేదికలు 1945లో ఒక సంపుటంగా వెలువడ్డాయి.

ఆదిలాబాదులో పరిస్థితి మరింత తీవ్రం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోలీసు తుపాకులకు నేలకొరిగాడు. ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని గోండుల మధ్య నివసించారు. ఆయన గోండీ నేర్చుకున్నారు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవరల సగలుగా గోండు సమాజం ఏర్పడిన తీరును, ఆయా సగలలో ఇంటిపేర్లు అమరిన తీరును వివరించారు. మన కోయల గట్టులకు, వారి సగలకు గల పోలిక గమనింపదగినది. గోండులపై ఆయన గ్రంథం 1948లో అచ్చయింది.

చదువు, భూమి

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. ఆనాడు సంస్థానంలో అధికార భాష ఉర్దూ. అట్టి కాలంలో పిల్లలకు మొదటి పాఠం తల్లిభాషలోనే చెప్పాలని ఆయన పట్టుబట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. ఇటువంటి విద్యా పథకం వరంగల్ జిల్లా కోయలకు కూడా విస్తరించింది. ఉర్దూ, తెలుగు రెండింటికీ గౌరవమిచ్చే మా కళాశాల వంటి విద్యాసంస్థకు ఈ ఘట్టం ఆలోచింపదగినది. ఇంటి భాషను బడి గుమ్మం బయట విడిచిరమ్మంటే చదువు సగంలోనే ఆగిపోతుంది.

1944-45లో కొంతకాలం ఈశాన్య సరిహద్దులో సుబన్‌సిరి ప్రాంతంలో ప్రత్యేకాధికారిగా పనిచేశారు. శత్రుదేశీయునిగా పట్టుబడిన వ్యక్తికి అదే ప్రభుత్వం యుద్ధం ముగియకముందే సరిహద్దు బాధ్యత అప్పగించడం గమనార్హం. తిరిగి హైదరాబాదు వచ్చి, ఆదివాసుల, వెనుకబడిన తరగతుల విషయంలో నిజాం ప్రభుత్వానికి సలహాదారు అయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం బోధించారు.

ఆయన కృషిలో అత్యంత ఫలవంతమైనది భూమి పని. ఆదిలాబాదు జిల్లాలో లక్షకు మించిన ఎకరాలకు ఆదివాసుల పేర పట్టాలు లభించాయి. 1356 ఫస్లీలో, అనగా 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వెలువడింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ప్రజల ఎదుట కూర్చొని మొరలు వినే దర్బారు 1940లలో ఆయన ప్రోత్సాహంతో ఆరంభమైంది. ఆ సంప్రదాయం తరువాతి తరాల వరకు సాగింది.

ఆయనపై విమర్శ లేకపోలేదు. ఆయన సలహా రాజుకు ఇచ్చిన సలహా అనీ, ఆదివాసులను రక్షింపదగిన పసివారిగా చూశారనీ కొందరు పండితుల వాదం. భీం పోరాటం జరగకపోతే ఆ సంస్కరణలకు దర్బారులో తలుపు తెరుచుకునేది కాదన్నది కూడా నిజమే. అయినను పట్టా కాగితం చేతికందిన గోండు రైతుకు కలిగిన మేలు కాదనరానిది. పోరాడినవారి త్యాగమూ, విన్నవారి వివేకమూ రెండూ చరిత్రలో లెక్కకు రావలసినవే అని మా అభిప్రాయం.

చివరి దశ

1949లో లండను విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరారు. 1951లో ఆచార్య పదవి పొంది 1976లో విరమించారు. 1953 నుండి నేపాలు వెళ్లి షెర్పాల మధ్య పరిశోధించి 1964లో మరొక ప్రసిద్ధ గ్రంథం ప్రకటించారు.

విరమణానంతరం విశ్రాంతి తీసుకొనక, పూర్వం పనిచేసిన చోట్లను మళ్లీ చూడ వచ్చారు. ఆయన కనుగొన్నది సంతోషకరం కాదు. ఆదివాసుల భూమిని ఇతరులకు బదలాయించడాన్ని నిషేధించే 1959 నాటి రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970 సవరణతో అది మరింత కట్టుదిట్టమైంది. అయినను తన కళ్ల ముందు పట్టాలు పొందినవారి పిల్లలు కూలీలైపోయిన ఉదంతాలు ఆయనకు ఎదురయ్యాయి. ఆ బాధను 1982లో వెలువడిన గ్రంథంలో లెక్కలతో సహా నమోదు చేశారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పులు ఆ అసంతృప్తి ఎంత లోతైనదో దేశానికి తెలిపాయి.

1987 జనవరి 11న హైదరాబాదులో బెట్టీ కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో గోండుల నడుమ వెలసింది. ఆచార్యులు 1995 జూన్ 11న లండనులో మరణించారు. 2012లో ఆయన చితాభస్మాన్ని కూడా మార్లవాయికి తెచ్చి భార్య సమాధి పక్కనే నిక్షేపించారు. జనవరి 11న ఆ సమాధుల వద్ద గ్రామస్థులు శ్రద్ధాంజలి ఘటిస్తారు.

మనకు మిగిలిన పని

ఫ్యూరర్ అనే మాట నాయకత్వం వహించడం, నడిపించడం అనే అర్థమున్న జర్మను ధాతువును స్ఫురింపజేస్తుంది. మన ప్రజలు ఆ పొడవాటి పేరులో ప్రభువర్గాన్ని సూచించే ఫాన్‌ను, నాయకుని స్ఫురింపజేసే ఫ్యూరర్‌ను విడిచివేసి, ఊరిని సూచించే హైమన్‌డార్ఫ్‌ను మాత్రమే ఉంచుకున్నారు. పత్రికలలోను, ప్రసంగాలలోను అదే నిలిచింది. బవేరియాలోని ఒక కుగ్రామం పేరు తెలుగు అడవులలో ఈ విధంగా ఇంటి మాట అయింది.

ఆయన నడిచిన కాకిసనూరు, కోయిదా ప్రాంతాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పోలవరం ముంపు ఆ గ్రామాలను వెన్నాడుతున్నది. ఊరు నీట మునిగి జనం చెదిరిపోతే ఆ ఊరిని మోసుకుపోయేది ఇంటిపేరు, జ్ఞాపకం మాత్రమే. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన మన ములకలపల్లి మండలంలోనూ కోయలు, కొండరెడ్లు మన ఇరుగుపొరుగు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి హక్కు పత్రం కావాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా కాగితం మీద పేరు సరిగా ఉండాలి. దరఖాస్తులో ఒక రకంగా, రేషను కార్డులో మరొక రకంగా పడిన ఇంటిపేరు బీదవానిని కచేరీల చుట్టూ తిప్పుతుంది. అక్షరం తెలిసినవారు దీనిని స్వల్ప విషయంగా తలచరాదు.

కనుక విద్యార్థులకు మా విన్నపం ఒకటున్నది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతను, నాయనమ్మను, దాదాను, నానీని అడిగి మీ ఇంటిపేరు ఏ ఊరి నుండి, ఏ వృత్తి నుండి, ఏ గట్టు నుండి వచ్చినదో వ్రాసి తీసుకురండి. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా సరే. చదువురాని పొరుగువారి కాగితాలు కూడా చూసి, తప్పుపడిన పేరును దిద్దించుకోవడానికి వారితోపాటు మండల కార్యాలయానికి వెళ్లండి. వియన్నా నుండి వచ్చిన ఒక పరదేశి ఎనిమిది దశాబ్దాల క్రితం మన గూడేలలో కూర్చొని ప్రారంభించిన పని అదే. దానిని కొనసాగించడానికి మనకు పాస్‌పోర్టు అవసరం లేదు.